చక్కెర డబ్బా చివర తెరవండి

నాలుగేళ్ల కిందట మార్చి నెలాఖరులో అనంతపురంలో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాం. పది గంటలకే నెత్తి మాడుతోంది. గడప దాటగానే అందరి చేతికీ ఒక్కో గ్లాసు అందించారు. లేత ఆకుపచ్చ నీళ్లు, పైన తేలుతున్న పుదీనా ఆకు, అంచుకు గుచ్చిన నిమ్మచెక్క. చూడటానికి ముచ్చటగా ఉంది. నాయన ఒక గుక్క తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, నా వైపు వంగి అడిగాడు: "ఇందులో కాయ ఏది?"

నాయన నార్పల దగ్గర నలభై ఏళ్లు చీనీ (బత్తాయి) తోట సాకిన మనిషి. ఎగతాళికి అడిగిన మాట కాదది. ఆయన నాలుకకు నిజంగానే కాయ తగలలేదు. నేను వంటగదిలోకి వెళ్లి సీసా తిప్పి చూశాను. సీసా మీద దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. మొదట చక్కెర, తర్వాత నీరు, పులుపు కోసం సిట్రిక్ ఆమ్లం, ఇంకా కింద నిమ్మరసం, ఆ తర్వాత రంగు, పరిమళం. ఆ ఇంటివాళ్లను నేను తప్పుపట్టను. రెండు వందల మందికి కూర్చుని కాయలు పిండడం అయ్యే పని కాదు.

నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి ఆదివారం. మా ఇంట్లో నేనే కలిపాను. అప్పుడే తెచ్చిన నిమ్మకాయలు, నాలుగు చీనీ కాయలు, కుండీలో పెరిగిన పుదీనా. రంగు లేదు, సీసా లేదు. నాయన తాగి, కాసేపు ఆగి, అదే మాట అన్నాడు. "కాయ ఏది?"

ఆ రాత్రి నేను ఏమి చేశానో వరుసగా గుర్తు చేసుకున్నాను. ముందు గిన్నెలో నీళ్లు పోశాను. చల్లటి నీళ్లలో ఎనిమిది చెంచాల చక్కెర వేసి, కరగకపోతే ఇంకాస్త తిప్పి, ఇంకో చెంచా వేశాను. ఆ తీపి నీళ్లలో నిమ్మరసం పిండాను. పులుపు సరిపోయేదాకా పిండాను. చివరికి చీనీ రసం పోశాను, అది ఉన్నట్టు కూడా తెలియకుండా. అమ్మ అలాగే చేసేది, అవ్వ కూడా అలాగే చేసేది. చక్కెర నీళ్లు తయారుచేసి వాటిని నిమ్మకాయతో విరగ్గొట్టడమే మాకు తెలిసిన పద్ధతి. సీసాలో జరిగింది కూడా సరిగ్గా అదే. తేడా పరిమాణంలోనే ఉంది, వరుసలో లేదు.

అందుకే ఈ వ్యాసం. ఇంట్లో పండ్లు, ఆకులు వేసి నిమ్మరసం చేసుకునేటప్పుడు చక్కెర అన్నిటికన్నా చివర పడాలి. ముందు పండు, తర్వాత ఆకు లేదా వేరు, ఆపైన నిమ్మ, చిటికెడు ఉప్పు. అప్పుడు రుచి చూసి, తీపి ఎంత తగ్గిందో అంతే వేయాలి. చాలాసార్లు ఏమీ తగ్గదు. ఆరోగ్యం కోసం చెబుతున్నానని అనుకుంటారేమో. ఆరోగ్యం ఉంది, దాని లెక్క కూడా చెబుతాను. కానీ నా మొదటి పట్టుదల రుచి గురించి, మన కాయ గురించి.

ముందు కాయ సంగతి. కోస్తాలో, తెలంగాణలో బత్తాయి అనేదాన్ని మేము చీనీ అంటాం. శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్, అందులోనూ చీనా ఉంది. మా జిల్లాలో, కడప జిల్లా పులివెందుల వైపు, ఎక్కువగా పెంచేది సాత్‌గుడి రకం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే నేలలో, బోరు మీద బోరు వేసి, ఎండిపోతే ఇంకో బోరు వేసి ఆ చెట్లను బతికిస్తారు. నాయన తోటలో మూడు బోర్లు ఎండాయి. మార్కెట్‌కు తీసుకుపోతే టన్నుకు ఇంత తరుగు అని సూటు కింద కోసేస్తారు, మిగిలినదానికే డబ్బు. అంత కష్టపడి పండిన కాయను తెచ్చి, రుచి తెలియకుండా చక్కెరలో ముంచడం నాకు ఇప్పుడు మనసొప్పని పని.

చీనీ రసానికి ఒక గుణం ఉంది. పిండిన వెంటనే తియ్యగా ఉంటుంది, కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. కాయ మంచిది కాదని చాలామంది అనుకుంటారు. నిజానికి కాయలోని తెల్లటి పొరల్లో, గింజల్లో ఉండే ఒక పదార్థానికి మొదట చేదు ఉండదు. రసంలోని పులుపుతో కలిసి నిలిచే కొద్దీ అది లిమొనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అంగట్లో తొక్కతో సహా యంత్రంలో నలిపిన రసం ఇంకా తొందరగా చేదవుతుంది. ఆ చేదును కప్పడానికే అక్కడ చక్కెర ఎక్కువ పోస్తారు. ఇంట్లో మనకు ఆ అవసరం లేదు. కాయను అడ్డంగా కోసి, చేత్తో మెత్తగా పిండి, గింజలు నలగకుండా జల్లెడలో పోసి, అప్పటికప్పుడు తాగాలి. పొద్దున పిండి సాయంత్రానికి దాచడం చీనీతో కుదరదు. చిటికెడు ఉప్పు కూడా ఇక్కడే పని చేస్తుంది. ఉప్పు చేదును అణచి, ఉన్న తీపిని పైకి తెస్తుంది. ఒక చెంచా చక్కెర చేసే పనిలో సగం ఆ చిటికెడు ఉప్పే చేస్తుందని నా అనుభవం.

దానిమ్మను మాత్రం మిక్సీలో వేయకండి. గింజల లోపలి గట్టి విత్తులు నలిగి వగరు దిగుతుంది. పలుచటి నూలు గుడ్డలో మూటకట్టి పిసికితే ముదురెరుపు రసం శుభ్రంగా కారుతుంది. మా వైపు దొరికే భగువా రకానికి రంగు, తీపి రెండూ బాగా ఉంటాయి. అది వేసిన నిమ్మరసానికి వేరే రంగు ఎందుకు?

ఇప్పుడు ఆకుల సంగతి. పట్టణాల్లో చదువుకునే మా పిల్లలు వీడియోలు చూసి స్ట్రాబెర్రీ, రోజ్‌మేరీ ఆకు కావాలని అడుగుతారు. వాటి మీద నాకు కోపం లేదు. ఆ వీడియోలు తీసేవాళ్ల ఊళ్లలో అవి పెరట్లో పెరుగుతాయి కాబట్టి వాళ్లు వేసుకుంటారు. వాళ్ల నుంచి మనం తెచ్చుకోవలసింది ఆ ఆకును కాదు, పెరట్లో చేయి పెట్టే అలవాటును. మా కుండీల్లో పుదీనా, తులసి, నిమ్మగడ్డి, వాము ఆకు ఉన్నాయి. వీటన్నిటినీ ఒకేలా చూడటం వల్లనే రుచి చెడుతుంది. పుదీనా, తులసి లేత ఆకులు. వాటిని మరిగిస్తే పచ్చి వాసన పోయి కషాయం వాసన వస్తుంది. అరచేతిలో పెట్టి ఒక్కసారి చప్పట్లు చరిచినట్టు నలిపి రసంలో వేస్తే చాలు. ముద్దగా నూరితే ఆకు పసరు దిగి రంగు మాసిపోతుంది. నిమ్మగడ్డి అలా కాదు. దాని ఆకు పీచు, చల్లటి నీళ్లకు లొంగదు. ముక్కలు కోసి, మరిగే నీళ్లలో వేసి, పొయ్యి ఆపి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారాక వాడాలి. అల్లం దంచి నీళ్లలో వేసి, కాసేపు ఆగితే పిండి అడుగున పేరుకుంటుంది. పైన తేటను వంచుకోవాలి. వాము ఆకు రెండుకు మించితే మిగతా అన్నిటినీ మింగేస్తుంది.

వీటన్నిటి కంటే నాకు ఇష్టమైనది నన్నారి. సుగంధి పాల వేరు. కడప, కర్నూలు, అనంతపురం వీధుల్లో ఎండాకాలం వచ్చిందంటే నన్నారి సోడా బండ్లు వెలుస్తాయి. వేరు పాకం, నిమ్మకాయ, సోడా. ఈ మధ్య మూలికల నిమ్మరసం అంటూ ఏదో కొత్తగా వచ్చినట్టు మాట్లాడుకుంటున్నారు. రాయలసీమ వీధుల్లో అది ఎప్పటి నుంచో ఉంది. కానీ ఇక్కడ కూడా చక్కెర ముందే వచ్చి కూర్చుంది. పాకం అంటేనే తీగ పాకం, సగానికి పైగా చక్కెర. ఎక్కువ చక్కెర వేస్తే పాకం చెడిపోకుండా నెలల తరబడి నిలుస్తుంది. అమ్మేవాళ్లకు అది తప్పదు. మనకు ఆ బాధ లేదు. నేను చేసే పద్ధతి ఇది: వేళ్లను మట్టి పోయేదాకా కడిగి, రోట్లో తేలికగా దంచి, లోపలి పుల్లలాంటి ఈనె తీసేస్తాను. వాసన అంతా పైతొక్కలోనే ఉంటుంది. ఆ తొక్కను గుప్పెడు తీసుకుని అర లీటరు గోరువెచ్చని నీళ్లలో వేసి, మట్టికుండలో మూతపెట్టి రాత్రంతా ఉంచుతాను. పొద్దున గుడ్డలో వడగడితే లేత గోధుమ రంగు నీళ్లు, చక్కెర చుక్క లేదు, మూత తీస్తే గదంతా వాసన. ఆ వాసనకు మూలమైన పదార్థం వెనిలాలోని వెనిలిన్‌కు రసాయనికంగా అన్నదమ్ముల వరస, పరమాణువులు అవే, అమరిక వేరు. అందుకే తీపి లేకపోయినా ముక్కు దాన్ని తీపిగా పోలుస్తుంది. వేరును గంటల కొద్దీ మరిగిస్తే ఆ వాసనే ఆవిరితో పోతుంది.

ఇదే వాసన ఉండే ఇంకో వేరు మారేడు కొమ్ములు. నల్లమల, శేషాచలం అడవుల్లో దొరుకుతుంది. అది నన్నారి కంటే లావు, పచ్చడికి కూడా వాడతారు. వేరు తవ్వితే తీగ మొత్తం పోతుంది, తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పటికే అడవిలో బాగా తగ్గిపోయింది. కాబట్టి కొంచెం కొనండి, ఒకసారి వడగట్టిన తొక్కను ఆరబెట్టి రెండోసారి కూడా నానబెట్టండి. రెండో నీళ్లు కూడా పనికివస్తాయి.

ఇక నాలుగు గ్లాసులకు మా ఇంటి కొలత. నన్నారి నీళ్లు, మామూలు కుండ నీళ్లు కలిపి అర లీటరుకు కొంచెం ఎక్కువ. అందులో అయిదు చీనీ కాయల రసం, సుమారు 300 మిల్లీలీటర్లు. ఒక పెద్ద దానిమ్మ రసం, 100 మిల్లీలీటర్లు. నలిపిన పుదీనా పదిహేను ఆకులు. అయిదు నిమిషాలు ఆగి ఆకులు తీసేయాలి. అప్పుడు రెండు నిమ్మకాయలు పిండాలి. నిమ్మను ముందు అరచేతి కింద దొర్లిస్తే రసం బాగా వస్తుంది, తొక్క మెలితిరిగేదాకా పిండితే తొక్కలోని నూనె చేదు దిగుతుంది. చిటికెడు ఉప్పు. పదిహేను నిమిషాలు నానిన సబ్జా గింజలు గ్లాసుకు ఒక చెంచా. ఇత్తడి, రాగి పాత్రల్లో మాత్రం కలపకండి, నిమ్మ పులుపుకు లోహం కరిగి రసంలోకి దిగుతుంది. స్టీలు, గాజు, మట్టి మంచివి. ఇప్పుడు రుచి చూడండి. చక్కెర డబ్బా అవసరమైతే ఇప్పుడు తెరవండి.

మంచు ముక్కలు వేయవద్దన్నది కూడా ఇందులో భాగమే. నాలుకకు చలి ఎక్కువైతే తీపి తక్కువగా తెలుస్తుంది. గడ్డకట్టేంత చల్లగా తాగేవాళ్లు అందుకే ఎక్కువ చక్కెర వేసుకుంటారు, పైగా చల్లటి నీళ్లలో అది కరగక గ్లాసు అడుగున మిగులుతుంది. మట్టికుండ చల్లదనం దగ్గర పండు తీపి పూర్తిగా తెలుస్తుంది.

లెక్క చెబుతానన్నాను. పైన చెప్పిన నాలుగు గ్లాసుల్లో పండ్ల నుంచి వచ్చే చక్కెర మొత్తం మీద దాదాపు 40 గ్రాములు, గ్లాసుకు 10. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం రోజు మొత్తం శక్తిలో ఇలాంటి చక్కెరల వాటా 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపు అయితే ఇంకా మేలు. 5 శాతం అంటే పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు. పండును పిండి తీసిన రసంలోని చక్కెరను కూడా ఆ సంస్థ ఈ లెక్కలోనే వేస్తుంది, కాబట్టి పండు తీపి కదా అని లీటర్ల కొద్దీ తాగడానికి లేదు. మధుమేహం ఉన్నవాళ్లు దానిమ్మ, చీనీ తగ్గించి నన్నారి నీళ్లు, నిమ్మ, ఉప్పుతో చేసుకోవడం మంచిది. ఇప్పుడు పెట్టెల్లో అమ్మే పండ్ల పానీయం సంగతి చూడండి. మన దేశ ఆహార భద్రత నిబంధనల ప్రకారం అలాంటి పానీయంలో పండ్ల రసం కనీసం 10 శాతం ఉంటే చాలు, నిమ్మ పానీయమైతే 5 శాతమే చాలు. కరిగిన ఘనపదార్థాలు మాత్రం కనీసం 10 శాతం ఉండాలి, వాటిలో అత్యధిక భాగం చక్కెరే. అంటే 250 మిల్లీలీటర్ల నిమ్మ పానీయంలో పన్నెండున్నర మిల్లీలీటర్ల నిమ్మరసం ఉన్నా చట్టానికి సరిపోతుంది. మన గ్లాసులో నూటికి నలభైకి పైగా పండే.

పానకం సంగతి ఏమిటని మా పిన్ని అడిగింది. శ్రీరామనవమికి మనం తాగేది బెల్లం నీళ్లే కదా, మన పెద్దలు తీపి ముందే పెట్టారు కదా అని. ఆలోచించవలసిన మాటే. పానకంలో బెల్లమే ముఖ్యమైన దినుసు. మిరియాలు, ఏలకులు, శొంఠి దానికోసమే పడతాయి. బెల్లం రుచి తెలియాలని చేసిన పానీయం అది, పండుగ రోజు తాగేది. పండు వేసిన నిమ్మరసంలో పండు ముఖ్యమైనది. దేనికోసం చేస్తున్నామో అది ముందు తెలియాలి. పిన్నికి ఇదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, బెల్లం వేస్తే నన్నారి ఇంకా బాగుంటుందని పట్టుపట్టింది. చిన్న ముక్క వేసి చూశాను. ఆమె మాట నిజమే, నన్నారికి బెల్లం బాగా నప్పుతుంది. కానీ చీనీకి నప్పదు, రంగు, రుచి రెండూ మసకబారతాయి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటి ఉంది. ఇదంతా ఎవరు చేయాలి? దానిమ్మ వలవడం, వేరు దంచడం, గుడ్డలో పిండడం, ఆ గుడ్డ ఉతకడం. సీసా మూత తిప్పితే అయిపోయే పనికి గంట పడుతోంది. మంచి తిండి గురించి రాసిన చాలా మాటలు చివరికి ఇంటి ఆడవాళ్ల మీద ఇంకో పని మోపడంతో ముగుస్తాయి. అలా ముగిసేటట్టయితే నేను ఈ మాట చెప్పనే చెప్పను. మా ఇంట్లో ఆదివారం దానిమ్మ వలిచేది నాయన. డెబ్బై దాటిన మనిషి, వార్తలు వింటూ పళ్లెం నిండా వలుస్తాడు. కాయలు పిండేది పదో తరగతి చదివే మా అబ్బాయి. వడగట్టడం, గిన్నెలు కడగడం నాది. అమ్మ రుచి చూసి ఉప్పు చెబుతుంది, అంతే. వారానికి ఒకసారి చేస్తాం. మిగతా రోజుల్లో కుండ నీళ్లు, మజ్జిగ.

ఎండ దెబ్బకు ఇది మందా అని అడిగేవాళ్లకు ఒక్క మాట. కాదు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు కావలసింది ఓఆర్ఎస్. పొడి దొరకకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో అంచుకు సమంగా నింపిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. అక్కడ చక్కెర రుచి కోసం కాదు, పేగు ఉప్పును, నీటిని లోపలికి తీసుకోవడానికి కావాలి. ఆ కొలత తప్పకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది, అది జరగవలసిందే. స్పృహ తప్పిన మనిషి నోట్లో నిమ్మరసమే కాదు, నీళ్లు కూడా పోయకూడదు. ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వరుస మార్చి కలిపిన మొదటి ఆదివారం నాయన గ్లాసు ఎత్తి, కాస్త తాగి, నోట్లోనే ఉంచుకుని, మింగాడు. "ఇవి మన వైపు కాయలు కావు. తాడిపత్రి వైపువి" అన్నాడు. అబ్బాయిని బండి దగ్గరికి పంపి అడిగించాను. కాయలు తాడిపత్రి నుంచే వచ్చాయి. నేలను బట్టి, నీటిని బట్టి పులుపు మారుతుందని నాయన చెప్పుకుంటూ పోయాడు. ఏ నేల కాయకు తొక్క మందం, ఏ బోరు నీళ్లకు రసం చప్పబడుతుంది, ఎన్ని రోజులు తడి ఆపితే పూత బాగా వస్తుంది. ఇన్నేళ్లలో ఆయన మా ముందు ఇంత మాట్లాడింది లేదు. అబ్బాయి వింటూ కూర్చున్నాడు. వాడికి మొదట్లో ఆ రసం నచ్చలేదు, పులుపన్నాడు. నేను వాడి గ్లాసులో ఒక చెంచా చక్కెర వేశాను, తర్వాత వారం ముప్పావు, ఆపై అర. వేసవి సెలవులు ముగిసేసరికి వాడే వద్దన్నాడు. పిల్లల నాలుక ఒక్క రోజులో మారదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

ఏడాది పొడవునా చీనీయే ఉండదు. వేసవిలో కాపు తక్కువ, ధర ఎక్కువ. అప్పుడు కర్బూజ, పుచ్చకాయతో చేస్తాం. వాటికి తులసి కంటే అల్లం బాగా కుదురుతుంది, నిమ్మ కాస్త ఎక్కువ పట్టుతుంది. చలికాలంలో జామ.

నేరేడుతో మాత్రం నాకు ఇంకా కుదరలేదు. జూన్ చివర గుత్తి వైపు నుంచి గంపల్లో వస్తాయి, రంగు చూస్తే ఆగలేం. గింజ తీసి పిసికి నిమ్మ కలిపితే రంగు వంగపండు నుంచి గులాబీకి మారి అద్భుతంగా కనిపిస్తుంది, కానీ నాలుక మీద వగరు పట్టుకుని వదలదు. నన్నారి నీళ్లు వేశాను, ఉప్పు పెంచాను, తొక్క తీసి చూశాను. తొక్క తీస్తే వగరు తగ్గింది, రంగు కూడా పోయింది. కిందటేడు నాయన మాట మీద బాగా మిగలపండిన కాయలను మాత్రమే ఏరి, ఒక రాత్రి ఉప్పు చల్లి ఉంచి, పొద్దున పిసికాం. అంతకు ముందు కంటే నయం. రెండో గ్లాసు ఎవరూ అడగలేదు.